నెల తప్పిన కబురు ముందు ఎవరికి?

మెల్‌బోర్న్‌లో టార్నీట్ వైపో, సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్ వైపో ఒక తెలుగు ఇంట్లో తెల్లారుతుండగా స్నానాలగది తలుపు తెరుచుకుంటుంది. అమ్మాయి చేతిలో ప్లాస్టిక్ పుల్ల, దాని మీద రెండు గీతలు. ఒకటి ముదురుగా, ఒకటి ఉందా లేదా అన్నంత లేతగా. భర్తను లేపుతుంది. లైటు కింద పెట్టి ఇద్దరూ మళ్ళీ మళ్ళీ చూస్తారు. ఇండియాలో తెల్లవారేదాకా ఆగి భీమవరానికో, వరంగల్‌కో, ఒంగోలుకో ఫోన్ చేస్తారు. అవతల అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంది. వెంటనే గొంతు తగ్గించి అనే మాట కూడా మనందరికీ తెలిసిందే: "మూడో నెల వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకండమ్మా."

ఆ మాటను నేను తప్పుపట్టను. దాని వెనక తరాల ఆడవాళ్ళ అనుభవం ఉంది. పరీక్షలో తేలిన గర్భాల్లో ఐదారింటికి ఒకటి నిలవకుండా పోతుంది. అలా పోయేవాటిలో ఎక్కువ భాగం మొదటి పన్నెండు వారాల్లోనే పోతాయి. పదిమందికీ చెప్పాక అలా జరిగితే పరామర్శలకు జవాబు చెప్పుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు. దిష్టి అన్నా, జాగ్రత్త అన్నా, ఆ మౌనం కోడళ్ళనూ కూతుళ్ళనూ కాపాడటానికి పుట్టిందే. నా బాధల్లా ఆ "ఎవరికీ" అన్న మాటలోకి డాక్టరు కూడా చేరిపోవడం గురించే. మూడో నెల నిండాక వెళ్దాంలే అని ఆగే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గర్భిణికి మొదటి అపాయింట్‌మెంటు పది వారాల్లోపే అయిపోవాలి. మనం నోరు విప్పే వేళకు ఆ పది వారాలూ దాటిపోతాయి.

పది వారాలే ఎందుకు? ముందు లెక్క చూడాలి. గర్భం వయసును బిడ్డ ఏర్పడిన రోజు నుంచి లెక్కపెట్టరు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. బిడ్డ ఏర్పడిన రోజు చాలామందికి తెలియదు, నెలసరి తేదీ మాత్రం గుర్తుంటుంది. అందుకే ఈ పద్ధతి. అంటే లెక్కలో మొదటి రెండు వారాలు అసలు గర్భమే లేదు. నెల తప్పిందని అనుమానం వచ్చిన రోజుకే కాగితం మీద నాలుగు వారాలు నిండి ఉంటాయి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి కాన్పు దాకా మొత్తం 280 రోజులు. మన పెద్దవాళ్ళు తొమ్మిది నెలల తొమ్మిది రోజులు అంటారే, ఇంచుమించు అదే లెక్క.

ఆ నాలుగు వారాల్లోనే లోపల ఒక కబురు నడిచి ఉంటుంది. అండం ఫలదీకరణ చెంది ఆరు నుంచి పది రోజుల్లో గర్భసంచి గోడకు అంటుకుంటుంది. అంటుకోగానే దాని బయటి కణాలు హెచ్‌సీజీ అనే హార్మోనును తల్లి రక్తంలోకి వదులుతాయి. అది అండాశయానికి చేరి, "ప్రొజెస్టిరాన్ ఆపకు, గర్భసంచి పొరను రాలనివ్వకు" అని చెబుతుంది. ఆ మాట చేరింది కాబట్టే నెలసరి ఆగింది. తొలి రోజుల్లో ఆ హార్మోను రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. పుల్ల మీద లేత గీతను ముదురు చేసేది అదే. వేవిళ్ళకూ దానికీ సంబంధం ఉందని చాలాకాలంగా అనుకుంటున్నారు. నెల తప్పిన కబురు అందరికంటే ముందు చెప్పేది ఆవగింజంత కూడా లేని ఆ బిడ్డే.

ఇక అసలు పని. ఫలదీకరణ తర్వాత మూడో వారానికి బిడ్డ మూడు పొరల చిన్న పలకలా ఉంటుంది. పై పొర మధ్యలో ఒక గాడి పడుతుంది. గాడికి రెండు పక్కలా అంచులు లేచి, ఒకదానివైపు ఒకటి వంగి, కలుసుకుని అతుక్కుంటాయి. సంక్రాంతికి కజ్జికాయలు చేసేటప్పుడు పూరీ అంచులు దగ్గరకు తెచ్చి వేలితో ఒత్తుకుంటూ పోతామే, అలా. మెడ దగ్గర మొదలై అటు తలవైపూ ఇటు నడుమువైపూ అతుకు సాగుతుంది. తలవైపు కొస 25వ రోజు ప్రాంతంలో, నడుమువైపు కొస 28వ రోజు ప్రాంతంలో మూసుకుంటాయి. అలా ఏర్పడిన గొట్టం నుంచే మెదడు, వెన్నుపాము తయారవుతాయి. తలవైపు మూసుకోకపోతే ఆ బిడ్డ బతకదు. నడుమువైపు తెరిచి ఉండిపోతే స్పైనా బిఫిడా అంటారు. వెన్నులో లోపంతో పుట్టిన ఆ బిడ్డకు కాళ్ళ కదలికా, మలమూత్రాల మీద పట్టూ దెబ్బతినవచ్చు.

ఫలదీకరణ తర్వాత 28వ రోజంటే నెలసరి లెక్కలో ఆరు వారాలు. అంటే నెల తప్పాక రెండు వారాలు. చాలామంది ఇంకా "ఈసారి ఆలస్యమైందేమో" అనుకునే రోజులవి. ఆ రోజుల్లోనే గుండె కొట్టుకోవడం కూడా మొదలవుతుంది. పది వారాలు దాటేసరికి ముఖ్యమైన అవయవాలన్నిటికీ రూపురేఖలు వచ్చేస్తాయి. ఆ తర్వాత జరిగేది ఎక్కువగా పెరుగుదల, పరిపక్వత.

ఈ గొట్టం సరిగా మూసుకోవడానికి సాయపడే మందు మాత్రం చాలా చవక. ఫోలిక్ యాసిడ్. ఆ మాత్ర ఎక్కడిదో తెలుగువాళ్ళు తెలుసుకోవాలి, ఎందుకంటే దాని పుట్టుకలో మన ఊరు ఒకటి ఉంది.

1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు ప్రాణం తీసే రక్తహీనత వస్తోంది, కారణం తెలియడం లేదు. ఆమె రకరకాల ఆహారాలు ప్రయత్నించి, చివరికి మార్మైట్ అనే ఈస్ట్ సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించింది. ఆస్ట్రేలియాలో రొట్టె మీద రాసుకునే నల్లటి వెజిమైట్ ఆ మార్మైట్‌కు చెల్లెలు లాంటిదే. ఆ సారంలో ఏదో ఉంది, అదేమిటో తెలియదు. పేరు తెలియని ఆ పదార్థాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. 1941లో పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అన్న మాట నుంచి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ టన్నులకొద్దీ ఆకు ఉడికిస్తే చిటికెడు కూడా రాని పదార్థం రోగికి మందెలా అవుతుంది? దాన్ని ప్రయోగశాలలో తయారుచేయాలి.

ఆ పని న్యూయార్క్ దగ్గర లెడర్లీ ప్రయోగశాలలో జరిగింది. అక్కడ పరిశోధనలకు నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఆయన సోదరులు ఇద్దరిని స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది. తిన్నది ఒంటికి పట్టకుండా పేగుల్లోంచి జారిపోయి మనిషి శుష్కించిపోయే జబ్బది. ఆ జబ్బు ఆయన్నూ పట్టుకుంటే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. 1920ల మొదట్లో అమెరికా వెళ్ళాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ మందు స్ప్రూ రోగులకు పనిచేసింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు వెతుకుతూ పోయిన మనిషి, లోకంలోని గర్భిణులందరి చేతిలోకీ ఒక మాత్ర పెట్టాడు. గర్భంలోని బిడ్డకు అది ఇంతగా పనికొస్తుందని ఆయనకు తెలియదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే పోయాడు.

ఆ ప్రయోగశాల నుంచే ఇంకో మందు వచ్చింది. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని చోటు ఆక్రమించి, కణాల విభజనను ఆపేసే మందు మెథోట్రెక్సేట్. క్యాన్సర్ మందుగా పేరు పొందింది. తొలి వారాల్లో దానికి ఇంకో పనుంది. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాకుండా అండాశయం నుంచి అండం వచ్చే గొట్టంలోనే (ఫాలోపియన్ ట్యూబ్) అంటుకుంటాయి. అక్కడ బిడ్డ పెరగలేదు. పెరగబోతే గొట్టం పగిలి తల్లి ప్రాణం మీదకు వస్తుంది. ముందుగా కనిపెడితే, రక్తస్రావం లేకుండా గర్భం చిన్నదిగా ఉంటే, ఆపరేషన్ లేకుండా మెథోట్రెక్సేట్ ఇంజెక్షనుతో కరిగిస్తారు. బిడ్డ వెన్ను కోసం ఫోలిక్ యాసిడ్ ఇవ్వడం, తల్లి ప్రాణం కోసం ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకోవడం, రెండూ ఆ ప్రయోగశాల ఇచ్చినవే. పొత్తికడుపులో ఒక పక్కే నొప్పి, రక్తం కనపడటం, భుజం కొసన నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే అపాయింట్‌మెంటు కోసం చూడకూడదు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. మూడో నెలదాకా డాక్టరుకు చెప్పని ఇంట్లో ఈ ప్రమాదం ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది.

ఫోలిక్ యాసిడ్‌కూ బిడ్డ వెన్నుకూ ఉన్న సంబంధాన్ని తేల్చినవాళ్ళలో ఆస్ట్రేలియా పరిశోధకులు ముందువరసలో ఉన్నారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కారల్ బోవర్, ఫియోనా స్టాన్లీ 1989లో తమ అధ్యయనం ప్రచురించారు. 1991లో బ్రిటన్ నాయకత్వంలో అనేక దేశాల్లో జరిపిన పెద్ద పరీక్ష మిగిలిన సందేహాన్ని పూర్తిగా తీర్చింది. అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్ళీ అలా జరిగే అవకాశం 72 శాతం తగ్గింది. గొట్టం మూసుకునే నాటికే ఆ మందు ఒంట్లో ఉండాలి. మరి చాలా గర్భాలు అనుకోకుండా వచ్చేవే అయినప్పుడు గర్భానికి నెల ముందు నుంచే మాత్ర ఎవరు వేసుకుంటారు? అందుకని ఆస్ట్రేలియా 2009 సెప్టెంబరు నుంచి రొట్టెలు చేసే గోధుమపిండిలోనే ఫోలిక్ యాసిడ్ కలపాలని చట్టం చేసింది. ఆ తర్వాత లెక్కేస్తే ఈ లోపాలు మొత్తం మీద 14 శాతం తగ్గాయి. ఆదివాసీ తల్లుల బిడ్డల్లో ఏకంగా 74 శాతం తగ్గాయి. మాత్రలు కొని వేసుకునే వీలు తక్కువ ఉన్న ఇళ్ళకు రొట్టె ముక్కే మందైంది.

కానీ మనం తినేది అన్నం. ఆస్ట్రేలియాలో ఉన్నా పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ. ఇండియన్ స్టోర్‌లో కొన్న గోధుమపిండి సంచిలో ఫోలిక్ యాసిడ్ కలిపారో లేదో సంచి మీద చదివితే గాని తెలియదు. అదే ఏడాది నుంచి రొట్టెల్లో అయొడైజ్డ్ ఉప్పు వాడకం కూడా తప్పనిసరి చేశారు. అది కూడా అన్నం తినేవాళ్ళకు చేరదు. ఇంట్లో ఖరీదైన గులాబీరంగు ఉప్పు వాడితే అందులోనూ మామూలుగా అయొడిన్ కలపరు. కాబట్టి తెలుగు అమ్మాయికి మాత్ర తప్పదు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 నుంచి 500 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచి మూడు నెలలు నిండేదాకా. అయొడిన్ 150 మైక్రోగ్రాములు. ముందే షుగరు ఉన్నవాళ్ళకూ, బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకూ, ఇంట్లో ఈ లోపం ఉన్నవాళ్ళకూ డాక్టరు పది పన్నెండు రెట్లు, అంటే 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. థైరాయిడ్ జబ్బు ఉంటే అయొడిన్ సంగతి డాక్టరుతో మాట్లాడాకే.

ఇక్కడ మొదటి చూపు గైనకాలజిస్టు దగ్గర ఉండదు. జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గరకే వెళ్ళాలి. మన ఊళ్ళో నేరుగా పెద్ద డాక్టరమ్మ దగ్గరకు పోయే అలవాటున్నవాళ్ళకు ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. అనుకోనక్కర్లేదు. అక్కడి నుంచే ప్రభుత్వాసుపత్రికి రిఫరల్ పోతుంది, అక్కడ మిడ్‌వైఫ్‌లు ఎక్కువగా చూస్తారు. ఇబ్బంది లేని తొలి కాన్పుకు మొత్తం పది సార్లు చూపించుకుంటే చాలంటారు. ఆ మొదటి రోజు జీపీ కంప్యూటర్ ముందు కూర్చుని ప్రశ్నలు అడుగుతూ పోయి, చివర్లో పాథాలజీ ఫారం ఒకటి చేతికిస్తారు. పక్క వీధిలో రక్తం తీసే చోట వరసగా సీసాలు నింపుతారు. ఎర్ర మూత, ఊదా మూత, పసుపు మూత. ఇన్ని ఎందుకని అమ్మాయి కంగారుపడుతుంది. ఆ ఫారంలో ఒక్కో మాట వెనక ఒక్కో కథ ఉంది. అన్నీ చెప్పలేను. ఒకటి మాత్రం తప్పక చెప్పాలి.

రుబెల్లా. పిల్లలకు రెండు రోజులు సన్నటి జ్వరం, ఒంటి మీద దద్దురు వచ్చి పోయే చిన్న జబ్బు. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడి దగ్గరకు పుట్టుకతోనే కంట్లో శుక్లాలున్న పసిపిల్లలు వరసగా రావడం మొదలైంది. అంతకుముందు ఏడాది ఆస్ట్రేలియాలో రుబెల్లా గట్టిగా వ్యాపించింది. ఎదురుచూసే గదిలో తల్లులు కడుపుతో ఉన్నప్పుడు తమకు ఆ జబ్బు చేసిందని మాట్లాడుకోవడం ఆయన చెవిన పడిందని చెబుతారు. ఆయన తోటి వైద్యులను కూడా అడిగి 78 మంది పిల్లల వివరాలు పోగుచేశాడు. వాళ్ళలో 68 మంది తల్లులకు గర్భం తొలి రోజుల్లో రుబెల్లా వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరులో మెల్‌బోర్న్‌లో కంటి వైద్యుల సభలో ఆ వివరాలు చదివాడు. బిడ్డ లోపాలకు వంశమే కారణమని నమ్మే కాలమది. తల్లికి వచ్చిన చిన్న జబ్బు బిడ్డ కళ్ళను తీసేస్తుందంటే చాలామంది నమ్మలేదు. తల్లులు మాత్రం తమ పిల్లలకు వినపడటం లేదని చెప్పుకున్నారు, చెవుడు కూడా దీని ఫలితమేనని తర్వాత తేలింది. ఆ తల్లుల మాటలను వట్టి కబుర్లని కొట్టిపారేయకుండా విన్నందుకే ఈ రోజు ఆ పరీక్ష ఫారంలో ఉంది.

గర్భం మొదటి పది వారాల్లో రుబెల్లా సోకితే పదిమందిలో తొమ్మిది మంది బిడ్డల దాకా దెబ్బతినొచ్చు. ఆస్ట్రేలియా 1971లో బడికెళ్ళే ఆడపిల్లలకు టీకా మొదలుపెట్టి, 2018 నాటికి ఈ జబ్బును దేశం నుంచి తరిమేసింది. మన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మీజిల్స్ రుబెల్లా టీకాను ప్రభుత్వం పెద్దఎత్తున వేసింది 2017 ఆగస్టులో, 15 ఏళ్ళలోపు వాళ్ళకు. అంటే 2002కు ముందు పుట్టిన అమ్మాయిలు ఆ టీకా వరసలో లేరు. ఈ రోజు ఆస్ట్రేలియాలో తల్లులవుతున్న తెలుగు అమ్మాయిలు ఎక్కువమంది ఆ వయసువాళ్ళే. ప్రైవేటులో వేయించుకుని ఉంటే సరే, లేకపోతే రక్షణ ఉందో లేదో పరీక్షే చెప్పాలి. పైగా ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, గర్భంతో ఉండగా వేయరు. రక్షణ లేదని మొదటి అపాయింట్‌మెంటులో తెలిస్తే కాన్పయ్యేదాకా జాగ్రత్తగా ఉండటం తప్ప చేసేదేమీ లేదు. పిల్లలు కావాలనుకున్నప్పుడే పరీక్ష చేయించుకుని, టీకా వేయించుకుని, నెల ఆగితే సరిపోయేది.

ఫారంలో బ్లడ్ గ్రూపు అన్న చోట ఇంకో ఆస్ట్రేలియా మనిషి ఉన్నాడు. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే తల్లి రక్తం తర్వాతి బిడ్డ రక్తకణాలను శత్రువులనుకుని చంపేయవచ్చు. దాన్ని ఆపేది యాంటీ-డి ఇంజెక్షను. న్యూ సౌత్ వేల్స్‌కు చెందిన జేమ్స్ హారిసన్ రక్తంలో ఆ పదార్థం చాలా అరుదుగా కనిపించేంత ఎక్కువగా ఉండేది. 14 ఏళ్ళప్పుడు ఛాతీ ఆపరేషన్‌లో పరాయివాళ్ళ రక్తంతో బతికాడు. ఆ రుణం తీర్చుకోవాలని 18 ఏళ్ళ నుంచి 81 ఏళ్ళదాకా 1,173 సార్లు దానం చేశాడు. 24 లక్షల మంది బిడ్డలకు ఆ దానం రక్షణ అయిందని అంచనా. 2025 ఫిబ్రవరిలో, 88 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

మిగతావి హెపటైటిస్, హెచ్‌ఐవీ, సిఫిలిస్, రక్తహీనత, మూత్రంలో ఇన్ఫెక్షన్. శాకాహారులైతే బీ12 కూడా అడిగి చేయించుకోవాలి. "ఎక్కడ పుట్టావు?" అని అడిగితే నొచ్చుకోకండి. దక్షిణాసియా ఆడవాళ్ళకు గర్భంలో షుగరు వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే 24-28 వారాల మధ్య చేసే గ్లూకోజ్ పరీక్షకు ముందే మనకు ఒకసారి చూడొచ్చు. మన ప్రాంతాల్లో థలసీమియా అనే వారసత్వ రక్తజబ్బుకు వాహకులున్నారు. నెలలు నిండాక దక్షిణాసియా తల్లుల్లో బిడ్డ కడుపులో పోయే ప్రమాదం కాస్త ఎక్కువని మెల్‌బోర్న్ పరిశోధకులు చూపించారు. ఆ ప్రశ్నకు జవాబు చెబితేనే ఆ జాగ్రత్తలు మనదాకా వస్తాయి.

మేనరికం సంగతి కూడా దాచొద్దు. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకున్నానని చెప్పడానికి ఇక్కడ అమ్మాయిలు సిగ్గుపడతారు. జీపీ అడిగేది తప్పుపట్టడానికి కాదు. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యులోపానికి వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గర బంధుత్వంలో అలా ఇద్దరూ వాహకులు కావడానికి వీలెక్కువ. 2023 నవంబరు నుంచి సిస్టిక్ ఫైబ్రోసిస్, స్పైనల్ మస్కులర్ ఎట్రఫీ (ఎస్‌ఎంఏ), ఫ్రాజైల్ ఎక్స్ అనే మూడు జబ్బుల వాహక పరీక్షకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బిస్తోంది. ఎస్‌ఎంఏతో ఏడు నెలలకే పోయిన మెకెంజీ కసెల్లా అనే పాప తల్లిదండ్రుల పోరాటం దీని వెనక ఉంది. మన థలసీమియా ఆ మూడింటిలో లేదు, దాన్ని విడిగా చూస్తారు.

పదో వారం దాటాక తల్లి రక్తంలోంచి బిడ్డ క్రోమోజోములు చూసే ఎన్‌ఐపీటీ పరీక్ష గురించి కూడా ఆ మొదటి చూపులోనే చెబుతారు. డౌన్ సిండ్రోమ్ లాంటివాటి అవకాశాన్ని అది చూపిస్తుంది. దానికి మెడికేర్ లేదు, సొంత డబ్బే. అదే పరీక్షలో ఆడో మగో కూడా తెలుస్తుంది. ఇండియాలో 1994 చట్టం దాన్ని నిషేధించింది, ఇక్కడ నిషేధం లేదు. విక్టోరియాలో 1999 నుంచి 2015 దాకా పుట్టిన పిల్లల లెక్కలను లా ట్రోబ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలిస్తే, భారత్‌లో, చైనాలో పుట్టిన తల్లులకు మగపిల్లలు ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉన్నారు. సముద్రం దాటినా మనతో ఏది వచ్చిందో ఆ లెక్క చెబుతోంది. బిడ్డ ఆరోగ్యం కోసం చేయించుకునే పరీక్షను ఆడపిల్లను వద్దనుకోవడానికి వాడటం పాపం, అంతకంటే మెత్తటి మాట నా దగ్గర లేదు.

స్కానింగ్ అంటే ఇప్పుడు ఫోన్‌లో పెట్టుకునే ఫొటో. ఆస్ట్రేలియాలో అది 1962లో మొదలైంది. సిడ్నీ ప్యాడింగ్టన్‌లోని రాయల్ హాస్పిటల్ ఫర్ విమెన్‌లో జార్జ్ కొసాఫ్, డేవిడ్ రాబిన్సన్, వైద్యుడు విలియం గారెట్ కలిసి గర్భిణులను ధ్వని తరంగాలతో చూశారు. ఆరో వారం దాటాక ఈ రోజు ఆ తెర మీద మిణుకుమిణుకుమనే చుక్కే బిడ్డ గుండె.

మందుల దగ్గర కూడా ఒక పాఠం ఈ దేశమే నేర్పింది. వేవిళ్ళు తగ్గుతాయని ఇచ్చిన థాలిడోమైడ్ వల్ల బిడ్డలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుడుతున్నారని 1961 డిసెంబరులో లాన్సెట్ పత్రికకు రాసినవాళ్ళలో సిడ్నీ వైద్యుడు విలియం మెక్‌బ్రైడ్ ఒకడు. అందుకే మొదటి రోజు వేసుకునే ప్రతిదీ చెప్పాలి. అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపిన లేహ్యమూ, భస్మమూ కూడా. కొన్ని ఆయుర్వేద తయారీల్లో సీసం ఉందని ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. సీసం తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది.

తిండి విషయంలో అత్తగారు బొప్పాయి వద్దంటుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో పచ్చి బొప్పాయి పాలు గర్భసంచిని సంకోచింపజేశాయి, బాగా పండిన పండుతో ఏమీ కాలేదు. అంటే ఆవిడ భయంలో సగం నిజముంది. ఆవిడకు తెలియని ప్రమాదం ఇక్కడి ఫ్రిజ్‌లో ఉంది. లిస్టీరియా అనే సూక్ష్మజీవి చల్లదనంలోనూ పెరుగుతుంది. 2018లో రాక్‌మెలన్ పండ్ల ద్వారా అది పాకి ఏడుగురు చనిపోయారు, ఒక గర్భం పోయింది. కోసి అమ్మే పండ్లు, సలాడ్లు, మెత్తటి చీజ్, చల్లగా తినే మాంసం ముక్కలు తినొద్దు. వేడివేడిగా వండుకుని తినే మన అన్నం, పప్పుచారు ఈ విషయంలో ఎంతో మేలు.

ఆ తొలి చూపుల్లో ఒక సమయంలో డాక్టరో మిడ్‌వైఫో భర్తను, అత్తగారిని కాసేపు బయట ఉండమంటారు. అది అవమానం కాదు, అందరినీ అలాగే అంటారు. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా, మనసు ఎలా ఉంది అని అమ్మాయిని ఒంటరిగా అడుగుతారు. నిజం చెప్పమ్మా. చెప్పలేకపోతే 1800 737 732 అనే నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఇంగ్లీషులో చెప్పుకోలేని బాధలకు దుబాసీ కావాలంటే 131 450. తెలుగు దుబాసీ కావాలని జీపీ క్లినిక్‌లోనే ముందుగా అడగొచ్చు, మెడికేర్ ఉంటే దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. భర్తనే దుబాసీగా పెట్టుకోవద్దు.

డబ్బు మాట కూడా చెప్పాలి. పౌరులకు, శాశ్వత నివాసులకు ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు ఖర్చుండదు. తాత్కాలిక వీసా మీదున్న మనవాళ్ళలో చాలామందికి మెడికేర్ లేదు, భారత్‌తో పరస్పర వైద్య ఒప్పందం కూడా లేదు. ప్రైవేటు బీమా ఉన్నా కాన్పు ఖర్చుకు మామూలుగా పన్నెండు నెలలు ఆగాలి. కాబట్టి పెళ్ళయి వచ్చిన కొత్తలోనే పాలసీ కాగితం తీసి గర్భం గురించి ఏం రాశారో చదవండి.

మూడో నెల దాకా ఊళ్ళో ఎవరికీ చెప్పకండి, అది మీ ఇష్టం, మీ హక్కు. రెండు గీతలు కనపడిన వారమే క్లినిక్‌కు ఫోన్ చేసి, గర్భం అని చెప్పి, లాంగ్ అపాయింట్‌మెంటు కావాలని అడగండి. ఫోలిక్ యాసిడ్ ఇంకా మొదలుపెట్టకపోతే, ఆ ఫోన్ పెట్టేసి మందుల షాపుకు వెళ్ళండి.